పిచ్చుక చేతికి ఒక పన్ను

ఆ ఊళ్ళో సగం మంది ఆవిడ పళ్ళతోనే నవ్వేవారు. మిగతా సగానికి ఇంకా ఆ అవసరం రాలేదు. ఇది కాస్త ఎక్కువైందనిపిస్తే ఆ సగాన్ని కొంచెం తగ్గించుకోవచ్చు గానీ, పళ్ళక్క చేతిలో పడని నోరు ఆ చుట్టుపక్కల వీధుల్లో తక్కువే. ఆవిడకి అసలు పేరు ఇంకేదో ఉండే ఉంటుంది. జీతం పుచ్చుకునేటప్పుడు తప్ప దానితో పనిపడేది కాదు. తనకంటే పెద్దవాడైన ఓనరు కూడా పళ్ళక్కా అనే పిలిచేవాడు.

ఆవిడ పనిచేసే కట్టుడుపళ్ళ ల్యాబ్ అంటే పెద్ద హంగేం కాదు. ముందు వైపు మెరుగుపెట్టే యంత్రం, వెనక వైపు చిన్న కొలిమి, మధ్యలో పొడవాటి బల్ల, బల్లమీద ట్రేల్లో ఎవరెవరివో దవడలు. ఎక్కడ చెయ్యి పెట్టినా తెల్లటి ప్లాస్టర్ పొడి. సాయంత్రానికి ఆవిడ కనుబొమలు పిండిమరలోంచి లేచొచ్చినట్టుండేవి. డాక్టర్లు నోళ్ళ అచ్చులు తీసి పెట్టెల్లో పంపేవారు. ఆవిడ వాటిలో ప్లాస్టర్ పోసి దవడ తీసి, గులాబిరంగు మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, సెట్టు కట్టి పంపేసేది. ఆ పళ్ళు ఎవరి నోట్లోకి వెళ్ళాయో, ఏం తిన్నాయో, ఎవర్ని తిట్టాయో తెలుసుకునే దారి లేదు.

సెట్టు కట్టేటప్పుడు ఆవిడకో అలవాటు. అన్నీ వరసలో నిలబెట్టాక, ముందుపళ్ళలో ఒకదాన్ని గోటితో రవ్వంత పక్కకి తిప్పేది. కొత్తగా చేరినవాళ్ళు, "బావున్నదాన్ని ఎందుకక్కా పాడుచేస్తావ్?" అని అడిగేవారు.

"వరస మరీ బావుంటే అది నోరులా ఉండదు. సినిమా హాల్లో కుర్చీల్లా ఉంటుంది. ఒక్కటి వంకరపోతేనే లోపల మనిషున్నట్టు తెలిసేది," అనేది ఆవిడ.

ఇంటికి వెళ్ళేది బస్సులో. అక్కడ ఆవిడ కళ్ళు మనుషుల మొహాల మీద కాదు, నోళ్ళ మీద ఉండేవి. తను తిప్పిన పన్ను ఎక్కడైనా కనబడుతుందేమోనని. జనం బస్సులో నోరు తెరవరు కదా, అందుకని తనే ఏదో ఒక జోకు వేసేది. పక్కనున్నవాళ్ళు మర్యాదకి పెదవులు సాగదీసి కిటికీలోకి చూసేవారు. ఒకసారి మాత్రం ఎదురు సీట్లో బొజ్జ ఉన్న ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పై సెట్టు ఆవిడదే, సందేహం లేదు, ఎడమవైపు రెండో పన్ను చూస్తే చాలు. చాలాకాలం తర్వాత చుట్టాన్ని చూసినట్టయింది పళ్ళక్కకి. లేపి పలకరిద్దామా అనుకుంది. ఏమని పలకరించాలో తోచలేదు. తన స్టాపు వచ్చింది, పోయింది. ఆఖరి స్టాపులో ఆయన లేచి, నోరు మూసుకుని, దిగిపోయాడు. ఆవిడ వెనక్కి నడుచుకుంటూ వచ్చింది.

ఇల్లు తాళాలు బాగుచేసే దుకాణం పైన, మూడో అంతస్తులో. రెండు గదులు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తిన రోజుల్లో, "పొద్దస్తమానం ఇన్ని నోళ్ళతో వేగుతున్నాను, ఇంటికెళ్ళాక ఇంకో నోరెందుకు?" అనేది. ఎత్తేవాళ్ళు నవ్వేవారు, తర్వాత ఎత్తడం మానేశారు. కొన్నాళ్ళకి ఆ ఇంట్లో కుళాయి కారే చప్పుడు కూడా ఆవిడకి ఒక మనిషిలా అలవాటైపోయి, బాగుచేయించడం వాయిదా వేస్తూ వచ్చింది.

ఆదివారాలు మాత్రం పిచ్చుక వచ్చేది.

పిచ్చుక అంటే చెల్లెలి కూతురు. చిన్నప్పుడు ఒక చోట నిలిచేది కాదని పళ్ళక్క పెట్టిన పేరు. ఇప్పుడు ఏదో ఆఫీసులో పెద్ద కుర్చీలోనే కూర్చుంటోంది గానీ పేరు పోలేదు. వస్తూనే చెప్పులు చెరో మూలకీ విసిరి, మంచమ్మీద అడ్డంగా పడి, వారమంతా జరిగింది గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పళ్ళక్క టీ పెడుతూ, ఊఁ కొడుతూ, మధ్యమధ్య లేనిపోనివి జోడిస్తూ వినేది. వారంలో ఆవిడ గట్టిగా నవ్వేది ఆ ఒక్క పూటే.

ఒక ఆదివారం మెట్ల మీదే గలగలమని చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే పిచ్చుక. చేతికి వెండి గొలుసు, దానికి వేలాడుతూ బుల్లి బుల్లి బొమ్మలు. ఒక కాఫీకప్పు, ఒక చెప్పు, ఒక విమానం.

"ఇదేంటే, ఇంటి సామానంతా చేతికి కట్టుకున్నావ్?"

"చార్మ్ బ్రేస్‌లెట్ పెద్దమ్మా. ఇప్పుడు అందరూ వేసుకుంటున్నారు. ఒక్కో బొమ్మా ఒక్కళ్ళు ఇవ్వాలి, అప్పుడే అందం. ఈ కప్పు మా ఆఫీసు పిల్లది, ఇద్దరం కలిసి కాఫీకి వెళ్తాం కదా, అందుకు. బావుందా?"

"అమ్మేమంది?"

"మేకమెడలో గంటలా ఉందంది. తప్పిపోతే వెతుక్కోవడం తేలికంది."

పళ్ళక్క ఆ చేతిని పట్టుకుని, కళ్ళజోడు ముక్కుమీదకి జార్చి, పని చూసినట్టు చూసింది. విమానం అంచు సరిగ్గా మెరుగుపెట్టలేదు. చెప్పుకి అచ్చు గీత అలాగే ఉంది. మిషను మీద వందలకొద్దీ గుద్దినవి. కానీ ఒక్కో బొమ్మ వెనకా ఒక మనిషి ఉన్నాడన్న మాట ఆవిడకి పట్టుకుంది. తన చేతులు చూసుకుంది. ప్లాస్టర్ ఆరి, గీతలు తేలి ఉన్నాయి.

"నా పుట్టినరోజుకి ఎవరూ ఇంకేం తేవద్దు," అంది పిచ్చుక. "తలా ఒక చార్మ్. చూడగానే ఇచ్చినవాళ్ళు గుర్తురావాలి. నువ్వూ ఇవ్వాలి పెద్దమ్మా. నీది లేకపోతే నేను అసలు వేసుకోను."

ఆ చివరి మాట దగ్గర పళ్ళక్క టీ పొంగిపోయింది.

మర్నాడు ల్యాబ్‌లో దీనిమీద సభ జరిగింది. సభ అంటే పళ్ళక్క, రంగుల మాస్టారు. పక్క పళ్ళతో కలిసేలా కొత్త పన్నుకి రంగు కుదర్చడం మాస్టారి పని. తెలుపుల్లో ఆయనకి తెలిసినన్ని తెలుపులు దేవుడికి కూడా తెలిసుండవు.

"అది నగా కాదు, తాళంచెవుల గుత్తీ కాదు," అన్నారు మాస్టారు. "మా పక్కింటావిడ వేసుకుని గిన్నెలు తోముతుంది. లోపల ఏదో బండి బోల్తాపడిందనుకుంటాం. బొత్తిగా చవకబారు వ్యవహారం."

"ఎవరో ఇచ్చినవి వేసుకు తిరిగితే చవకెలా అవుతుంది మాస్టారూ?"

"ఎవరిచ్చినా చప్పుడు చప్పుడేగా అక్కా."

"నాకైతే చప్పుడే నచ్చింది," అంది పళ్ళక్క. "మెట్లెక్కుతుంటే ఎవరొస్తున్నారో ముందే తెలిసిపోయింది."

మాస్టారు ఆవిడవైపు ఒకసారి చూసి, కుంచె అందుకున్నారు.

ఏం ఇవ్వాలన్నది ఆవిడ ఎక్కువ ఆలోచించలేదు. ఇంట్లో బీరువా పైన, దుప్పట్ల వెనక, ఒక ప్లాస్టర్ దవడ ఉంది. పిచ్చుకది, చిన్నప్పటిది. పై వరసలో కోరపన్ను దొంతరగా వచ్చింది ఆ పిల్లకి. మిగతావన్నీ కాన్వెంటు పిల్లల్లా వరసలో చేతులు కట్టుకుని నిలబడితే, అదొక్కటీ వీధిలో గొడవేంటో చూద్దామని గుమ్మంలోకి వచ్చినట్టుండేది. డాక్టరు తీసిన అచ్చు పళ్ళక్క బల్ల మీదకే వచ్చింది. ఆ పన్నుని వెనక్కి లాగే తీగ వంచింది ఆవిడే. వంచుతుంటే మనసొప్పలేదు. పని పని కనక వంచింది. ఆ పన్ను లోపలికి వెళ్ళిపోయి, వరసలో చేతులు కట్టుకుంది. పాత దవడని మాత్రం పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకుంది.

ఇప్పుడు దాన్ని దింపి, దుమ్ము ఊదింది. గింజంత మైనం తీసుకుని ఆ పన్నుని చెక్కింది. అందులో పక్కకి తిరిగిన ఒంపు, కొన దగ్గర చిన్న నొక్కు, ఏదీ వదల్లేదు. ల్యాబ్‌లో అందరూ వెళ్ళాక దాని చుట్టూ మట్టి పోసి కొలిమిలో పెట్టింది. మైనం కరిగిపోయింది, ఆ ఖాళీలోకి తొడుగుపళ్ళకి వాడే తెల్లటి లోహం వెళ్ళింది. మట్టి పగలగొట్టి తీస్తే, నల్లగా, కోపంగా ఉంది. మెరుగుపెట్టింది. మర్నాడు మాస్టారి దగ్గర మెత్తటి గుడ్డ అడిగి మళ్ళీ మెరుగుపెట్టింది. పైన చిన్న కొక్కెం. ఆవిడ చేతిలోంచి వెళ్ళిన పళ్ళలో, ఎవరిదో ముందే తెలిసి, ఎక్కడికి వెళ్తుందో తెలిసి, మళ్ళీ కళ్ళతో చూసుకునే వీలున్నది అదొక్కటే.

దాన్ని పళ్ళు పంపే బుల్లి ప్లాస్టిక్ పెట్టెలోనే పెట్టి తీసుకెళ్ళింది. వేరే పెట్టె ఆవిడకి తోచలేదు.

పుట్టినరోజుకి చెల్లెలి ఇల్లు నిండిపోయింది. ఆఫీసు పిల్లలు, వాళ్ళ స్నేహితులు. అందరూ బావున్నారు, అందరి పళ్ళూ వరసగా ఉన్నాయి. పిచ్చుక సోఫా మధ్యలో చెయ్యి చాచి కూర్చుంది. ఒక్కొక్కళ్ళూ వచ్చి తమ బొమ్మ తగిలిస్తున్నారు. ఒకరు నక్షత్రం. ఒకరు చిన్న పుస్తకం. తల్లి గొడుగు ఇచ్చింది. "ఇదైనా చేతిలో ఉంటుంది, అసలుది ఎలాగూ మర్చిపోతావ్," అంది. అందరూ నవ్వారు.

"పెద్దమ్మా, నీదేది?"

పళ్ళక్క పెట్టె ఇచ్చింది. పిచ్చుక మూత తీసి, వేళ్ళతో పైకెత్తింది.

"ఏంటక్కా ఇది, పన్నా?" అంది చెల్లెలు.

"పన్నే. దానిదే." పళ్ళక్క గొంతు ఆ హాల్లో ఎప్పుడూ లేనంత పైకి లేచింది. "చిన్నప్పుడు దొంతరపన్ను ఉండేది కాదూ, అదీ. అచ్చుగుద్దినట్టు అదే. కొన దగ్గర నొక్కు చూడండి. పై పెదవి దాని మీద ఆగేది కాదు, మూస్తే మళ్ళీ లేచేది. ఎంత ముద్దొచ్చేదో."

ఆఫీసు పిల్లల్లో ఒకమ్మాయి ముందుకి వంగింది. "నీకు పళ్ళు వంకరగా ఉండేవా? ఎప్పుడూ చెప్పలేదే. ఫోటో ఉందా?"

"ఏదీ నవ్వు, ఇప్పుడెలా ఉందో చూద్దాం," అన్నాడొకడు.

పిచ్చుక నవ్వింది. పెదవులు విడిపోకుండా నవ్వింది. "చాలా బావుంది పెద్దమ్మా," అని పన్నుని పెట్టెలో పెట్టి మూత నొక్కింది. "గొలుసులో చోటు చూసుకుని తర్వాత తగిలించుకుంటా."

గొలుసులో చోటు చాలానే ఉంది.

నోళ్ళు చదవడమే బతుకుగా ఉన్న మనిషి పళ్ళక్క. ఆ మూసిన నోరు చూసి, ఏదో విరిగిందని తెలిసింది. ఏది విరిగిందో మాత్రం తెలియలేదు. ఆ సాయంత్రమంతా వంటింట్లో కప్పులు కడుగుతూ ఉండిపోయింది. లోపల్నుంచి గలగల వినిపిస్తూనే ఉంది.

తర్వాతి ఆదివారం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆఫీసు పనట. ఆ పైవారం తలనొప్పట. ఆ తర్వాత మెసేజ్ కూడా లేదు. పళ్ళక్క టీ రెండు కప్పులకి పెట్టి, రెండోది చల్లారాక పారబోసేది. కింద తాళాల దుకాణంలో ఎవరైనా గుత్తి కదిపితే చాలు, లేచి తలుపు దాకా వెళ్ళేది. ఆ దుకాణంలో గుత్తులు కదపడం తప్ప వేరే పనేముంది. తలుపు దాకా వెళ్ళీ వెళ్ళీ చాప అక్కడ అరిగింది.

కుళాయి బాగుచేయించింది ఆ రోజుల్లోనే. బాగుచేయించి తప్పుచేశాననుకుంది.

ఆఖరికి చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఏం చేశానే నేను?"

"ఏం చెయ్యలేదులే అక్కా."

"చెప్పు."

"స్కూల్లో దాన్ని పిల్లికోర అనేవారు. ఎదురుగా మ్యావ్ అనేవారు. రెండేళ్ళపాటు చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. ఆ పన్నున్న ఫోటోలన్నీ చింపేసింది, ఒక్కటి మిగల్లేదు మా ఇంట్లో."

"నాకెవరూ చెప్పలేదే."

"నీకు చెప్పొద్దంది. చెప్తే నువ్వు ఆ పన్నే బావుందంటావని."

నిజమే, అనేది. అప్పుడూ అనేది, ఇప్పుడూ అంది, పదిమందిలో అంది. పళ్ళక్క ఫోన్ పెట్టేసి చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చుంది. లోకంలో ఎక్కడా మిగలకూడదని ఆ పిల్ల చింపి పారేసినదాన్ని, చెరగని లోహంలో పోసి, మెరుగుపెట్టి, దాని చేతికే ఇచ్చింది.

మర్నాడు మాస్టారికి చెబితే ఆయన కుంచె కడుక్కుంటూ అన్నారు. "మనం పళ్ళవాళ్ళం అక్కా. మనకి పన్నంటే ముద్దు. బయటివాళ్ళకి పన్నంటే నొప్పి. ఆ తేడా మనకి ఈ గదిలో ఉంటే తెలీదు."

ఆ శనివారం పళ్ళక్క జన్మలో మొదటిసారి ఫ్యాన్సీ షాపు మెట్లెక్కింది. అద్దాల కింద చార్మ్‌లు వరసలుగా పడుకుని ఉన్నాయి.

"ఎవరికండీ?" అంది షాపమ్మాయి.

"మా పిచ్చుకకి."

"పిచ్చుక బొమ్మ అయిపోయిందండీ. సీతాకోకచిలుక తీసుకోండి, ఇప్పుడు అదే నడుస్తోంది. మీరు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు."

కళ్ళు తెరుచుకుంటే తీసుకోలేనని ఆవిడకీ తెలుసు. ఒక రెక్క మందం, ఒక రెక్క పల్చన. మీసాల దగ్గర లోహం చిన్న బుడిపెగా కారి గట్టిపడింది. ఇలాంటి పని బల్లమీద పెడితే ఓనరు కొలిమిలోకి విసిరేవాడు. "ఇదే ఇవ్వమ్మా," అంది పళ్ళక్క. అమ్మాయి దానికి గులాబిరంగు రిబ్బను కట్టింది.

ఇంటికొచ్చి ఫోన్ చేసింది. "ఆ పన్ను పట్టుకురావే. మారుద్దాం."

మర్నాడు మెట్ల మీద గలగల వినిపించింది. పళ్ళక్క ముందే తలుపు తియ్యకుండా, తట్టేదాకా ఆగింది.

పిచ్చుక చెప్పులు రెండూ పక్కపక్కన పెట్టి లోపలికి వచ్చింది. మంచమ్మీద అడ్డంగా పడలేదు, కుర్చీలో కూర్చుంది. బ్యాగులోంచి ప్లాస్టిక్ పెట్టె తీసి బల్లమీద పెట్టింది. ఇద్దరూ టీ తాగారు. పళ్ళక్క సీతాకోకచిలుకని ముందుకి జరిపింది.

"అరె, ఇదా. నేను చూసి ఉంచుకున్నా పెద్దమ్మా ఇది." ఆ పిల్ల మొహంలో ఏదో బరువు దిగింది. "నువ్వే షాపుకి వెళ్ళావా? నువ్వా?"

"వెళ్ళానే. అద్దాల కింద తల పెట్టి చూస్తుంటే దొంగనుకున్నారు. బయటికి తోసేలోపు కొనేశాను."

కొక్కెం పళ్ళక్కే నొక్కి బిగించింది. సీతాకోకచిలుక వెళ్ళి గొడుగు పక్కన, నక్షత్రం పక్కన చేరింది. ఎవరిచ్చారో చెప్తే తప్ప తెలిసే వీల్లేదు.

"నీకు కోపం లేదుగా?" అంది పిచ్చుక, గొలుసువైపే చూస్తూ.

"నాకెందుకే?"

"పన్ను బావుంది పెద్దమ్మా. నిజంగా బావుంది. అది నాది కాకపోయుంటే వేసుకునేదాన్ని."

పళ్ళక్క తలూపింది. "నీ బాసు సంగతి చెప్పు, ఇంకా తలకి రంగేసుకుంటున్నాడా?" అంది. పిచ్చుక మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత గుక్క తిప్పుకోకుండా. మధ్యలో ఎక్కడో నోరంతా తెరిచి నవ్వింది. పళ్ళన్నీ వరసలో ఉన్నాయి. పళ్ళక్క అలవాటుకొద్దీ పై వరసలో ఆ చోటు వెతికి, చూపు తిప్పుకుంది.

స్నేహితులు ఎదురుచూస్తున్నారని పిచ్చుక పెందలాడే లేచింది. "వచ్చే ఆదివారం వస్తా," అంది గుమ్మంలో. గలగల మూడు అంతస్తులూ దిగి, తాళాల గుత్తుల చప్పుడు దాటి, వీధిలో కలిసిపోయింది. పెట్టె బల్లమీదే ఉంది.

సోమవారం పళ్ళక్క ఎడమచేతికి, గడియారం పక్కన, సన్నటి తీగ. దాన్నుంచి ఒక పన్ను వేలాడుతోంది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఈ వయసులో, అక్కా?" అన్నారు. తర్వాత, "ఒక్కటే ఉంటే చప్పుడు కూడా రాదు," అన్నారు. అవును, రాదు. ఆవిడకి ఆ సంగతి తీగ బిగించినప్పుడే తెలిసింది.

సాయంత్రం బస్సులో పక్కసీట్లో ఎవరో కూరలసంచీ ఆవిడ కూర్చుంది. పళ్ళక్క ఆ రోజు జోకేం వెయ్యలేదు, కిటికీలోకి చూస్తోంది. కూరలావిడే రెండుసార్లు తొంగిచూసి, ఆఖరికి అడిగేసింది.

"ఏమీ అనుకోకండి. ఆ వేలాడేదేంటండీ, పన్నా?"

పళ్ళక్క ఇటు తిరిగింది. "పన్నే. పులిపిల్లది."

"అయ్యబాబోయ్. నిజం పులే?"

"మరి? మా ఇంట్లోనే తిరిగేది. మంచమ్మీద అడ్డంగా పడుకునేది. ఒక చోట నిలిచేది కాదనుకోండి."

కూరలావిడ నవ్వింది. ముందు ఒక పన్ను లేదు, మిగతావన్నీ ఆవిడ సొంతవే. "మరి మిమ్మల్ని కరవలేదా?"

"ఒక్కసారి. తప్పు నాదే, తొక్కకూడని చోట తొక్కాను."

"ఇప్పుడెక్కడుంది?"

బస్సు ఆగింది. తాళాల దుకాణం బోర్డు కిటికీలోంచి కనిపించింది. దిగేవాళ్ళు దిగారు. పళ్ళక్క సంచీ ఒళ్ళో సర్దుకుని, అలాగే కూర్చుంది.

"పెద్దదైపోయిందండీ. పళ్ళన్నీ వరసలోకి వచ్చేశాయి. ఆదివారాలు చూడ్డానికి వస్తుంటుంది," అంది. బస్సు కదిలింది.